పుచ్చు వంకాయలు ఏరుకునే మేడం

మేడం పోయారన్న కబురు మేడం ఫోను నుంచే వచ్చింది.

సోమవారం పొద్దున యాప్రాల్‌లో మా వంగతోటలో ఉన్నాను. ఒక చెట్టు దగ్గర వంగి, తల వాల్చేసిన లేత కొమ్మను పట్టుకుని చూస్తున్నాను. పక్క చెట్టూ అలాగే ఉంది. దాని పక్కదీ అంతే. అప్పుడే జేబులో ఫోను మోగింది. తెర మీద ‘మేడం’ అని కనబడగానే ప్రాణం లేచి వచ్చింది. పలకరించడం కూడా మరిచిపోయి, “మేడం, పురుగు మళ్ళ వచ్చింది. ఈసారి మస్తుగున్నది. ఏం జెయ్యాలె?” అన్నాను.

అవతల మేడం భర్త గొంతు వినబడింది.

“బాబూ, నేను. ఆవిడ లేదు బాబూ. రాత్రి గుండెపోటొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.”

ఆయనే మళ్ళీ అన్నారు. “ఆవిడ ఫోన్లో ఉన్నోళ్ళందరికీ వరసగా చేస్తన్నాను. ఎవరు ఎత్తినా ముందు పురుగు సంగతే చెప్తన్నారు. ఆల్లకి నేనేటి చెప్పను?”

మనిషి పోయిందంటే ముందు ఏడుపు రావాలి. నాకు భయం వచ్చింది. తోట నడుమ నిలబడి చుట్టూ చూశాను. నిన్నటి తోటే, అదే ఎండ. కానీ ప్రతి చెట్టూ ఏదో దాచిపెట్టుకుని నావైపు చూస్తున్నట్టు అనిపించింది. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను.

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. బడి చదువు అంతంతే. చదవడం, రాయడం నా అంతట నేను నేర్చుకున్నవి. ఏ రోజు జమాఖర్చు ఆ రోజు రాసుకునే అలవాటు ఉంది కాబట్టి చెయ్యి తిరిగింది. మేడం వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పురుగుల శాస్త్రవేత్త. ఆమె చదువు గురించి, పదవుల గురించి రాయదగినవాళ్ళు వేరే ఉన్నారు. మా వంగతోటలో గొంతుక్కూర్చుని ఆకులు తిప్పి చూసిన మేడం సంగతి మాత్రం నేనే రాయాలి.

ఆమె మా తోటకు రావడానికి కారణం మా ఆవిడ.

మాది కౌలు భూమి. చుట్టూ అపార్టుమెంట్లు లేచాక మధ్యలో మిగిలిపోయిన ముక్క. వంకాయ, బెండకాయ, కాస్త ఆకుకూర వేస్తాం. వంగకు పురుగు మందు కొట్టడం మాకు పొద్దున లేచి మొహం కడుక్కోవడం లాంటిది. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి, పురుగు కనబడినా కనబడకపోయినా. నేను పంపు మోస్తే మా ఆవిడ డ్రమ్ములో మందు కలిపేది. ఒకరోజు ఎండలో కలుపుతూ కలుపుతూ అక్కడే కూలబడింది. నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. ఆసుపత్రిలో బతికింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, “ఇంకోసారి ఇట్లయితే నేను చెప్పలేను. ఆమెను మందు దగ్గరికి రానియ్యకు” అన్నాడు.

రానివ్వకుండా ఎలా ఉంచను? కాయ తెంపేది ఆమె, ఏరేది ఆమె, నేరేడ్‌మెట్‌లో రోడ్డు పక్కన కూర్చుని అమ్మేది ఆమె. ఇంట్లో ఉండమంటే, “ఇంట్ల కూసుంటే మందు లేకుండనే సస్త” అంది. తోటకు వస్తే మందు వాసనకే చేతులు వణికేవి. తోట వదిలేస్తే మాకు తెలిసిన పని ఇంకొకటి లేదు. ఆ రోజుల్లో నాకు నిద్ర కూడా భయంతోనే పట్టేది, భయంతోనే తెలివి వచ్చేది.

విశ్వవిద్యాలయంలో రైతు మేళా జరుగుతోందంటే వెళ్ళాను. అక్కడ ఒక బల్ల మీద చచ్చిన పురుగులను అద్దాల పెట్టెల్లో పెట్టి, వెనుక ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మెడలో నల్లతాడుకు చిన్న భూతద్దం వేలాడుతోంది. జనం అడుగుతున్నారు, ఆమె చెబుతోంది. నేను ఒక పక్కగా నిలబడ్డాను. జనం పలచబడ్డాక ఆమే అడిగింది.

“ఏటి బాబూ, ఇందాకట్నుంచీ నిల్చున్నావు?”

“మా ఇంటామె మందుకు పడిపోయింది మేడం. మందు లేకుంట వంకాయ పండుతదా?”

పండుతుందని ఆమె అనలేదు. అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదేమో. “పొలం ఎక్కడ?” అని అడిగింది. యాప్రాల్ అంటే, “మాది ఏ.ఎస్. రావు నగరే. రేపు పొద్దున్నే వస్తాను” అంది. మేళాల్లో ఇలాంటి మాటలు చాలా వింటాం. మర్నాడు నేను తోటకు వెళ్ళేసరికి గట్టు మీద గొడుగు, చెప్పులు ఉన్నాయి. ఆమె అప్పటికే సాళ్ళ మధ్య కూర్చుని ఉంది.

మేడం వాళ్ళది శ్రీకాకుళం వైపు. ఎన్నేళ్ళు ఇక్కడ ఉన్నా ఆ మాట పోలేదు. మా ఆవిడ మొదటిరోజే పట్టేసింది. “ఏంది మేడం, అన్నిటికీ ఏటి ఏటి అంటరు?” అని అడిగింది. “మీరు అన్నిటికీ ఏంది ఏంది అంటే నేనేటన్నానా?” అంది మేడం. పడిపోయిన తరువాత మా ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదలు.

ఆ రోజు మేడం మాకు చెప్పింది ఇది. “అస్సలు మందు కొట్టొద్దని నేను చెప్పను. ఎప్పుడు కొట్టాలో మొక్క చెప్పాలి. బయ్యం చెప్పకూడదు.” వారం వారం తోటలో అడ్డంగా, నిలువుగా నడిచి, అక్కడక్కడ చెట్లు పట్టి చూడాలి. పురుగు లోపల తొలిచి ఎన్ని కొమ్మలు వాలాయి, ఆకు కింద ఏముంది, చూసింది గుర్తుంచుకోవాలి. ఒక హద్దు వరకు ఓర్చుకోవాలి. వాలిన కొసలు తుంచి తోట బయట పారెయ్యాలి. హద్దు దాటితేనే మందు, అదీ తను చెప్పిన మందు. నేను జమాఖర్చు రాస్తానని తెలిసి, “ఖర్చు పక్కన పురుగు సంగతి కూడా రాయి బాబూ, సరిపోద్ది” అంది.

చెప్పడం తేలిక. పురుగును చూస్తూ చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో చేసినవాడికి తెలుస్తుంది. నడిచే కొద్దీ కనబడతాయి, కనబడే కొద్దీ చెయ్యి మందు పంపు వైపు పోతుంది. ఆమె తోటలో లింగాకర్షక బుట్టలు కట్టించింది. ఆడ పురుగు వాసన ఉన్న చిన్న రబ్బరు ముక్క లోపల పెడితే, మగ రెక్కల పురుగులు వచ్చి కింది సంచిలో పడతాయి. మొదటి వారమే సంచులు సగానికి నిండాయి. పక్క పొలం ఎల్లయ్య గట్టెక్కి చూసి, తల పట్టుకున్నాడు.

“ఏం తమాషరా ఇది! నువ్వు పురుగుల్ని దావతుకు పిలుస్తున్నవా? నీ బుట్టల వాసనకు ఊర్ల పురుగులన్ని ఈడికే వస్తున్నయ్. నా తోట సుత ముంచుతవ్.”

నాకూ అదే నిజమనిపించింది. ఇన్నాళ్ళూ లేనివి ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ సాయంత్రం మేడం వచ్చినప్పుడు ఎల్లయ్య ఆమె ముందే అన్నాడు. “మేడం, మీరు పెద్ద చదువుకున్నరు, గని ఈ బుట్టలు తీసెయ్యుండ్రి. మస్తు పరేషానైతున్నది.”

మేడం సంచి విప్పి గట్టు మీద గుమ్మరించింది. “బాబూ, ఇవి బుట్ట కోసం రాలేదు. నీ తోటలోనే ఉన్నాయి. నువ్వు ప్రతి వారం మందు కొట్టినప్పుడూ ఉన్నాయి. నీకు కనబడలేదంతే.”

ఎల్లయ్య వంగి ఆ కుప్పను చూశాడు. ఆ మాట వినడంతో మా భయం తగ్గిందని అనుకుంటారేమో. పెరిగింది. కనబడని పురుగు కన్నా కనబడే పురుగుకే ఎక్కువ భయం వేస్తుంది. కానీ ఎల్లయ్య కూడా రెండు బుట్టలు అడిగి తీసుకున్నాడు. “ఊకెనే ఇస్తున్నరు గదా, చూస్త” అన్నాడు.

ఆ కాపులోనే ఇంకో సంగతి జరిగింది. మా ఆవిడ తన వంతుగా ఏదో చెయ్యాలని, పొద్దంతా తోటలో తిరిగి చేత్తో పురుగులు ఏరి, అన్నం డబ్బాలో వేసి మూత పెట్టింది. చుక్కల చుక్కలుగా గుండ్రంగా ఉండే అక్షింతల పురుగులు, వాటి పిల్లలు. మేడం రాగానే గొప్పగా మూత తీసి చూపించింది.

“చూడుండ్రి మేడం, ఒక్కదాన్నే ఇన్ని పట్టిన. ఇగ సంపుమంటరా?”

మేడం డబ్బాలోకి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తరువాత నేల మీద కూర్చుని, ఒక్కొక్కటీ తీసి రెండు కుప్పలు పెట్టడం మొదలుపెట్టింది. ఒక కుప్పలో వెన్ను నిగనిగ మెరిసేవి. ఇంకో కుప్పలో నూగు పట్టినట్టు మసకగా ఉన్నవి. “ఈ మసకవి ఆకు గీరి తినేవి. ఈ మెరిసేవేమో రసం పీల్చే పేనుబంకను తినేవి. దొంగల్నీ పోలీసుల్నీ కలిపి ఒకే లాకప్పులో పెట్టేసావు కదమ్మా!”

మా ఆవిడ మొహం మాడిపోయింది. “నాకేమెరుక మేడం, రెండు ఒక్కతీరే ఉన్నయ్.”

“నాకూ కాలేజీలో అలాగే ఉండేవి. ఇదిగో, ఈ పోలీసుల్ని నువ్వే మళ్ళీ డ్యూటీకి పంపించు.” మా ఆవిడ ఆ మెరిసేవాటిని అరచేతిలో వేసుకుని, పేనుబంక ఉన్న ఆకు వెతికి మరీ వదిలింది.

అప్పటి నుంచి మా తోట మేడానికి ఒక బడి అయింది. విశ్వవిద్యాలయం ఎంత పెద్దదో నాకు మెల్లమెల్లగా అర్థమైంది. నగరానికి అవతలి కొసన ఉన్న భవనాలే విశ్వవిద్యాలయం అనుకునేవాణ్ణి. కానీ పత్తి పండే జిల్లాల్లో, మిరప పండే చోట, వరి పండే చోట దానికి పరిశోధనా స్థానాలు ఉన్నాయి. ప్రతి చోటా ఒకరిద్దరు శాస్త్రవేత్తలు కొన్ని పొలాలకు వెళ్ళి, బుట్టలు చూసి, మొక్కలు చూసి, కనబడింది మేడానికి చెబుతారు. మేడం అన్నీ కలిపి చూసుకుని, ఏ జిల్లాలో ఏ పురుగు కదులుతోంది, ఎక్కడ ఆగాలి, ఎక్కడ కొట్టాలి అని తిరిగి పంపుతుంది. అది వ్యవసాయ అధికారుల దగ్గరికి, వాళ్ళ నుంచి ఊళ్ళలో రైతుల ఫోన్లకు వెళుతుంది. పురుగు గుడ్లను తినే సన్నటి కందిరీగలను అట్ట ముక్కల మీద పెంచి, బస్సుల్లో పార్సిలు చేసి పంపేది కూడా వాళ్ళ ప్రయోగశాలే. ఊరూరా పొలంలోనే రైతులకు పాఠం చెప్పే పొలంబడులు పెట్టేదీ వాళ్ళే. జిల్లాల నుంచి మీటింగుకు వచ్చినవాళ్ళను సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలెక్కే ముందు మేడం మా తోటకు తీసుకొచ్చేది. ప్యాంట్లు పైకి మడిచి, సంచులు గట్టు మీద పెట్టి, వాళ్ళందరూ మా వంగచెట్ల కింద గొంతుక్కూర్చునేవారు. పురుగు దొరక్కపోతే మేడం ఊరుకునేది కాదు. “రైలు పోతే ఇంకో రైలొస్తాది. ఆకు తిప్పు” అనేది.

వెళ్ళేటప్పుడు తప్పకుండా వంకాయలు కొనేది, పూర్తి ధర ఇచ్చి. కానీ బుట్టలో మంచివి ముట్టుకునేది కాదు. రంధ్రం పడ్డవి ఏరుకునేది. ఇంటికి వెళ్ళి కోసి లోపల పురుగును చూసి, పాడైనంత మేరకు తీసేసి మిగతాది వండుకునేదట. ఒకసారి ఆమె భర్త కూడా తోటకు వచ్చారు. మా ఆవిడ ఆయన చేతిలో నిగనిగలాడే వంకాయలు పెడితే ఆయన కళ్ళకద్దుకున్నారు. “మా ఇంట్లో పుచ్చులేని వంకాయ చూసి ఎన్నాళ్ళయిందో తల్లీ” అన్నారు. మేడం ఆయన చేతిలోంచి లాగి బుట్టలో వేసేసింది. “అమ్ముకునేవి అవి” అంది.

ఒక ఎండాకాలం ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి పట్టింది. ఆకులన్నీ తెల్లబడి, సాలెగూడు లాంటిది అల్లుకుంది. మేడం ఆకు తరువాత ఆకు తిప్పి చూసింది. తరువాత, “హద్దు దాటింది. కొట్టాల్సిందే” అంది. మా ఆవిడ గట్టు మీదే కూలబడింది. ఆమె మొహంలోకి చూసి మేడం అంది, “నువ్వు మాత్రం ఇక్కడ ఉండవు. లే, బట్టలు సర్దుకో.” ఏ.ఎస్. రావు నగర్‌లో తమ ఇంటికే తీసుకెళ్ళిపోయింది. నేను మొహానికి గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకుని ఆమె చెప్పిన మందు ఒక్కసారి కొట్టాను. వాసన పూర్తిగా పోయేదాకా మా ఆవిడ అక్కడే ఉంది. తిరిగొచ్చాక ఎన్నాళ్ళో ఆ ఇంటి కబుర్లే చెప్పింది. వంటింట్లో ఉప్పు సీసా పక్కన పురుగుల సీసా ఉంటుందట. “సారు చాయ్‌ల ఏమేస్తున్నడో సూసుకోని ఏసుకుంటడు” అని నవ్వేది.

ఇప్పుడు చెప్పేది నేను మర్చిపోలేని రోజు.

మిరప తోటల్లో పూలలో చేరి కాపు రాల్చేసే కొత్త తామర పురుగు వచ్చిన ఏడాది. ఏ మందుకూ లొంగలేదని అందరూ భయపడిపోయారు. మేడం ఫోను ఆగకుండా మోగేది. ఆ పొద్దున మా తోటలో బుట్టలు చూస్తూ ఎత్తింది. ఎత్తిన వెంటనే మొహం మారిపోయింది. అవతల ఎవరో రైతు ఏడుస్తున్నాడు. గట్టిగానే ఏడుస్తున్నాడు, నాకూ వినబడుతోంది. తోట అంతా పోయిందనీ, ఇంట్లో మందు డబ్బా ఉందనీ, తనకు ఇంక అదే గతి అనీ అంటున్నాడు.

మేడం నావైపు చెయ్యి చాపింది, నీ ఫోను ఇవ్వమన్నట్టు. ఇచ్చాను. తన ఫోనులో మాట్లాడుతూనే నా ఫోను మీద నంబరు నొక్కి నా చేతికిచ్చి, చప్పుడు లేకుండా పెదవులు కదిపి రైతు పేరు, ఊరు చెప్పింది. ఆ జిల్లా పరిశోధనా స్థానం శాస్త్రవేత్త నంబరు అది. ఆయనతో రైతు పేరు, ఊరు నేను చెప్పాను. తొందరలో ఊరు పేరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన, “ఆ ఊళ్ళో మా అధికారి ఉన్నాడు, ఇప్పుడే పంపిస్తున్నా. మేడాన్ని ఫోను పెట్టెయ్యొద్దని చెప్పండి” అన్నారు.

మేడం పెట్టెయ్యలేదు. గొంతు పెంచలేదు కూడా. “ఏడు బాబూ, ఏడు. ఏడుస్తూనే ఒక పని చెయ్యి. ఇంట్లోంచి బయటికి రా. వచ్చావా? తోట ఎంత దూరం? అయితే నడువు. నాతో మాట్లాడుతూనే నడువు. మందు వైపు కాదు, మొక్క వైపు నడువు. చేరావా? ఒక పువ్వు కొయ్యి. తెల్ల కాగితం ఉందా? లేదా, నీ పై పంచె తెల్లదేనా? దాని మీద ఆ పువ్వు తట్టు. ఎన్ని పడ్డాయి? లెక్కపెట్టి చెప్పు. సరే, ఇంకో పువ్వు. ఇప్పుడు గట్టు వారగా ఉన్న చెట్టు చూడు. అక్కడ తక్కువున్నాయా? చూసావా మరి, అన్ని చెట్లూ పోలేదు.”

అలా పువ్వు తరువాత పువ్వు. నేను, మా ఆవిడ గట్టు మీద నిలబడి వింటున్నాం. ఒక్కోసారి అవతల చప్పుడు ఆగిపోయేది. మళ్ళీ అతని గొంతు వినబడేది, ఏదో అంకె చెబుతూ. చివరకు ఇంకెవరో గొంతు వచ్చింది. “మేడం, నేను వచ్చేసిన. పక్కనే ఉన్న. ఇంట్ల డబ్బ సుత తీసేపిచ్చిన.”

మేడం ఫోను కిందికి దించి, అక్కడే తడి మట్టిలో కూర్చుండిపోయింది. చేతులు వణుకుతున్నాయి. మా ఆవిడ చేతులు వణకడం నాకు అలవాటే, మేడం చేతులు వణకడం ఎప్పుడూ చూడలేదు. మా ఆవిడ పరుగున వెళ్ళి నీళ్ళు తెచ్చి, ఆమె వీపు నిమిరింది.

“మీకు సుత భయమైతదా మేడం?”

“అవ్వదేటి? ఫోను మోగినప్పుడల్లా అవుతాది. ఆ పురుగుకి ఏం చెయ్యాలో నాకింకా పూర్తిగా తెలీదు తల్లీ. తెలిసేదాకా అతన్ని తోటలో నిలబెట్టాను, అంతే.”

తరువాత ఆ రైతు ఒకసారి ఆమెను చూడటానికి హైదరాబాదు వచ్చాడని విన్నాను. ఏం మాట్లాడుకున్నారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా మేడం మా తోటకు రావడం మానలేదు. పొలాలు పట్టుకుని తిరిగే పని కుర్ర శాస్త్రవేత్తలు అందుకున్నారు. అయినా భయం వేస్తే అందరూ ముందు ఆమెకే ఫోను చేసేవారు. నేనూ అంతే. భయం పోతుందని కాదు. అవతల ఆమె ఎత్తితే, నా భయాన్ని ఇంకొకరు కాసేపు పట్టుకున్నట్టు ఉండేది.

ఆ సోమవారం నేనూ మా ఆవిడా మేడం ఇంటికి వెళితే, గేటు బయట రోడ్డు పొడవునా జనం. జిల్లాల నుంచి బస్సుల్లో, జీపుల్లో వచ్చినవాళ్ళు. నాలాంటివాళ్ళు ఎక్కువ. లోపలికి వెళ్ళి చూసి వచ్చి, గోడ వారగా నిలబడి మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు కానీ అందరి కళ్ళలోనూ ఒకటే కనబడింది. నల్లటి తలపాగా చుట్టిన ఒక ముసలాయన ఎవరినీ ఉద్దేశించకుండా, “ఇగ ఎవర్ని అడగాలె?” అన్నాడు.

మేడం దగ్గర పనిచేసిన ఒక చిన్న వయసు శాస్త్రవేత్త ఆ పక్కనే ఉంది. అందరూ ఆమె వైపు తిరిగారు. పాపం, ఆ పిల్ల భయపడిపోయి గోడకు ఆనుకుంది. “మేడానికి తెలిసినంత నాకు తెలీదండీ” అంది. కాసేపాగి, “ఫోను మాత్రం ఎత్తుతాను” అంది.

మేడం భర్త మా ఆవిడను గుర్తుపట్టి పిలిచారు. “తోటలో పురుగంట కదా తల్లీ. మందు కొట్టాల్సొస్తే ఇక్కడికి వచ్చెయ్యి. ఆ గది అలాగే ఉంది.” మా ఆవిడ తలూపింది. బయటికి వచ్చాక నాతో అంది, “మేడం లేని ఇంట్ల నేనెట్లుంట?”

మర్నాడు పొద్దున ఎల్లయ్య గట్టు మీద మా కోసం కూర్చుని ఉన్నాడు. అతని చేతిలో మందు డబ్బా. “నీ కోసమే తెచ్చిన. ఇగ చూసుడు గీసుడు బంద్ పెట్టు. మేడం ఉన్నన్ని దినాలు నడిచింది. ఇప్పుడెవరు చెప్తరు నీకు? రేపటికి కాయల దూరుతది. దూరినంక ఏడ్చి ఏం లాభం? వదినెను ఎటన్న తోలి, కొట్టెయ్.”

“ఎటు తోల్తడన్న? నాకెవలున్నరు?” అంది మా ఆవిడ.

ఎల్లయ్య చెడ్డవాడు కాదు. అతనూ భయపడే తెచ్చాడు. డబ్బా గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. దాని మూత బిగించే ఉంది. అయినా మా ఆవిడ దానికి దూరంగా జరిగి నిలబడింది. ఆమె వేళ్ళు అప్పుడే వణకడం మొదలుపెట్టాయి.

నేను తోటలోకి వెళ్ళాను. అడ్డంగా, నిలువుగా నడిచి, అక్కడక్కడ చెట్లు పట్టి చూశాను. వాలిన కొమ్మలు ఎక్కువే. హద్దు దాటాయా అంటే దాటలేదు, దాటలేదా అంటే దాటడానికి సిద్ధంగా ఉన్నాయి. మేడం ఉంటే చూసి చెప్పేది. మళ్ళీ నడిచాను. అదే లెక్క వచ్చింది. నా కళ్ళను నేను నమ్మాలో లేదో తెలియలేదు. ఆ చిన్న శాస్త్రవేత్తకు ఫోను చేశాను. చెప్పిందంతా విని ఆమె లెక్క మళ్ళీ ఒకసారి అడిగింది. “హద్దు దగ్గరే ఉంది సార్. ఇవ్వాళ తుంచి చూద్దాం. మూడో రోజుకు నేను వస్తాను. అప్పటికీ పెరిగితే ఆలోచిద్దాం. నాకూ భయంగానే ఉంది” అంది. భయంగా ఉందని దాచకుండా చెప్పినందుకు ఆ పిల్ల మీద నమ్మకం కలిగింది.

ఎల్లయ్య డబ్బా తీసుకెళ్ళి అతని పాకలో పెట్టి వచ్చాను. నేను తిరిగొచ్చేసరికి మా ఆవిడ కత్తెర పట్టుకుని ఒక సాలులో దిగింది.

“నువ్వు ఆ కొస నుంచి రా. నేను ఈ కొస నుంచి వస్త. ఒక్కటి సుత ఇడ్వొద్దు.”

ఇద్దరం వాలిన ప్రతి కొసనూ తుంచుకుంటూ వచ్చాం. తుంచినవన్నీ ఒక పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో వేశాం. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి అది నిండింది. మూతి బిగించి కట్టి, ఎండ బాగా తగిలే చోట గట్టు మీద పెట్టి, పక్కన కూర్చున్నాం. వెనక్కి తిరిగి చూస్తే తోట బోడిగా ఉంది.

కాసేపటికి సంచిలో కదలిక మొదలైంది. వాడిన కొమ్మల్లోంచి లేత గులాబీ రంగు పురుగులు ఒక్కటొక్కటిగా బయటికి వచ్చి, ప్లాస్టిక్కు పట్టుకుని లోపల్నుంచి పైకి ఎక్కుతున్నాయి. పడుతున్నాయి, మళ్ళీ ఎక్కుతున్నాయి.

“ఇన్ని ఉండెనా!” అంది మా ఆవిడ.

“ఇంకా తోటల సుత ఉండొచ్చు.”

“ఎండకు సస్తయా?”

“సస్తయి.”

“మిగిలినయి?”

నేను సంచి మూతి ముడిని మళ్ళీ బిగించాను. కొమ్మల తడికి సంచి లోపల మసక పట్టి పురుగులు సరిగా కనబడటం మానేశాయి. ఆమె ముందుకు వంగి, చీర కొంగుతో సంచిని తుడవసాగింది. మసక లోపలి వైపు ఉంది. అయినా ఆమె బయట నుంచి తుడుస్తూనే ఉంది.